అశ్వహృదయం తెలిస్తే చాలదు

గుర్రప్పందేల కబుర్లు ఎక్కడ నడిచినా మొదటి ప్రశ్న "ఏ గుర్రం?" అనే. "ఎంత కాశావు?" అన్న ప్రశ్న డబ్బు పోయాకే వినబడుతుంది, అదీ ఇంట్లోవాళ్ల నోట. పందెం కాసేవాడి బతుకును తేల్చేది మాత్రం ఆ రెండో ప్రశ్నే. దాని మీద గణితం మూడు వందల ఏళ్లుగా పనిచేసింది. మనస్తత్వశాస్త్రం రేసుకోర్సు కిటికీల దగ్గర నిలబడి మనుషుల్ని గమనించింది. మన కోర్టులు తీర్పులిచ్చాయి, ప్రభుత్వాలు పన్నులు వేశాయి, మన భారతం అంతకు ఎంతో ముందే కథగా చెప్పింది. ఇవన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: ఎంత కాయాలన్న క్రమశిక్షణ చాలా విలువైన విద్యే. అయితే లెక్క మనవైపు మొగ్గిన చోటే అది డబ్బును పెంచుతుంది. లెక్క మనకు ఎదురున్న చోట నష్టాన్ని నెమ్మది చేస్తుంది, అంతే. ఈనాటి గుర్రప్పందెం రెండో రకం చోటు.

మా నెల్లూరు తీరంలో రేసుకోర్సు లేదు. విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కడా లేదు. తెలుగువాడి రేసులంటే ఒకటి హైదరాబాద్ మలక్‌పేట, రెండోది మద్రాసు గిండీ. మౌలాలి వైపు జరిగే పందేలను 1886లో నిజాం మహబూబ్ అలీ పాషా కాలంలో మలక్‌పేటకు మార్చారు. గిండీ పందేల చరిత్ర 1777 దాకా వెళ్తుంది. నెల్లూరు 1953 అక్టోబరు 1 వరకూ మద్రాసు రాష్ట్రంలోనిదే. ఆస్పత్రికైనా, సినిమా పనికైనా, సరుకుకైనా మావాళ్లకు దక్షిణం వైపు బండెక్కడం అలవాటు. నూట డెబ్బై చిల్లర కిలోమీటర్ల దూరం, పొద్దున వెళ్తే రాత్రికి ఇంటికి చేరొచ్చు. ఆ దారిలోనే రేసుల అలవాటు కూడా ఈ తీరానికి చేరింది. 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం గిండీ రేస్ క్లబ్ లీజును రద్దు చేసి, నూట అరవై ఎకరాల భూమిని స్వాధీనం చేసుకోవడానికి దిగింది. గొడవ కోర్టుకెక్కింది. 1945లో కుదిరిన ఆ లీజులో ఏడాది అద్దె ఆరు వందల రూపాయల పైచిలుకే.

రేసుకోర్సులో చూడాల్సిన చోట్లు రెండు. ఒకటి ప్యాడక్. పరుగుకు ముందు గుర్రాలను సైసులు కళ్లెం పట్టి గుండ్రంగా నడిపిస్తారు. వెంట్రుక మెరుస్తోందా, మెడ మీద, తొడల మధ్య నురగలాంటి చెమట పట్టిందా, చెవులు ముందుకు నిక్కాయా వెనక్కి వాలాయా, వెనక కాలు ముందు కాలి అడుగును దాటి పడుతోందా అని తెలిసినవాళ్లు చూస్తారు. పశువును కంటితో తూచే విద్య ఈ ప్రాంతానికి కొత్తకాదు. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలోదే. ఒంగోలు జాతి పశువుల సంతతినే బ్రెజిల్‌వాళ్లు ఈనాటికీ 'నెలోర్' అంటారు. ఎద్దు మూపురం, గిట్ట, నడక చూసి ధర చెప్పిన రైతు ప్యాడక్ దగ్గర నిలబడితే తనకు అన్నీ తెలుస్తున్నాయనే అనుకుంటాడు. అందులో కొంత నిజమూ ఉంది.

రెండో చోటు నాలుగడుగుల దూరంలో ఉండే బుకీల వరస. అక్కడ గుర్రాలుండవు, బోర్డుల మీద అంకెలుంటాయి. ఇందాక మూడుకొకటి (రూపాయికి మూడు రూపాయల లాభం) ఉన్న ధర ఎవరో పెద్ద మొత్తం కాయగానే రెండుకు పడిపోతుంది. గుర్రం అదే, దాని కాళ్లు అవే, జాకీ అతనే. పందెం మాత్రం మారిపోయింది. మూడుకొకటి దగ్గర నాలుగింట ఒకసారి గెలిస్తే చాలు డబ్బు నిలుస్తుంది, రెండుకొకటి దగ్గర మూడింట ఒకసారి గెలవాలి. ప్యాడక్‌లో సంపాదించిన జ్ఞానమంతా ఈ బోర్డు ముందు ఒక్క అంకెగా మారాలి: ఈ గుర్రం గెలిచే అవకాశం నూటికి ఎంత? ఆ అంకె చెప్పలేనివాడు ఎంత చూసినా చూడనట్టే. నేను చూసినంతలో మన పందెగాళ్లలో నూటికి తొంభై మంది ఈ మెట్టు దాటరు. "ఖాయం", "తిరుగులేదు", "ఈసారి వదలదు" అనే మాటలే తప్ప అంకె రాదు.

ఈ తేడాను అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం ఎంత స్పష్టంగా పట్టుకుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. గుర్రాల మనసు తెలిసిన నలుడు పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకుంటాడు. అశ్వవిద్య అతన్ని కాపాడలేదు. బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరతాడు. విదర్భకు రథం పరుగెడుతుండగా ఋతుపర్ణుడు దారిలోని తాండ్రచెట్టును ఒక్కసారి చూసి ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు. నలుడు నమ్మక రథం ఆపి, దిగి, లెక్కపెట్టి చూస్తాడు. సరిపోతుంది. అప్పుడు మార్పిడి జరుగుతుంది: నలుడి అశ్వహృదయం ఋతుపర్ణుడికి, ఋతుపర్ణుడి అక్షహృదయం, అంటే పాచికల మర్మం, నలుడికి. ఆ లెక్క ఒంటబట్టిన క్షణానే నలుణ్ణి పట్టిన కలి బయటికి పోతాడు. పూర్వకాలంలో పాచికలుగా వాడింది తాండ్రకాయలనే అని గుర్తుంచుకుంటే ఆ చెట్టే ఎందుకొచ్చిందో తెలుస్తుంది. గుర్రం తెలియడం ఒక విద్య, లెక్క తెలియడం మరో విద్య, మొదటిది రెండోదానికి బదులు రాదు అని ఇంత సూటిగా చెప్పిన కథ ఇంకొకటి నాకు తెలియదు.

ఈ కథ విన్నది ధర్మరాజు. సభాపర్వంలో అతని పందేల వరస చూడండి: మణులు, రథాలు, ఏనుగులు, రాజ్యం, తమ్ముళ్లు, తాను, చివరికి ద్రౌపది. ఓడినకొద్దీ పందెం పెరిగింది తప్ప ఒక్కసారీ తగ్గలేదు. అడవిలో ఈ కథ చెప్పిన బృహదశ్వుడి దగ్గర అక్షవిద్య నేర్చుకున్నాక, అదే మనిషి విరటుడి కొలువులో కంకుభట్టుగా నిమ్మళంగా పాచికలాడతాడు. ఆ విరాటపర్వంతో భారతానువాదం మొదలుపెట్టిన తిక్కన నెల్లూరి మనుమసిద్ధి ఆస్థానంలోవాడు. కాబట్టి ఈ విషయం మా ఊరికి పరాయిది కాదు.

ఇక పందెం యంత్రాంగం. బుకీ దగ్గర ధర ముందే తెలుస్తుంది. టోట్‌లో తెలియదు. 1867లో పారిస్‌లో జోసెఫ్ ఒల్లేర్ మొదలుపెట్టిన పద్ధతి ఇది: అందరి పందేలూ ఒక కుప్పగా పోసి, నిర్వాహకుడు తన వాటా తీసుకుని, మిగిలింది గెలిచినవాళ్లకు వాళ్లు కాసినదాన్ని బట్టి పంచుతారు. ఆ లెక్కలు చేసే పెద్ద యంత్రాన్ని జార్జ్ జూలియస్ 1913లో న్యూజిలాండ్‌లో బిగించాడు. విన్, ప్లేస్, తొలి మూడు స్థానాలూ వరసగా చెప్పే తనాలా, వరస రేసుల విజేతలను పట్టే జాక్‌పాట్ అన్నీ ఈ కుప్ప మీద నడిచేవే. ఇక్కడ మీ ఎదురు ఆటగాడు క్లబ్బు కాదు, పక్కనున్న పందెగాడు. అతని కంటే మీరు మెరుగైతే సరిపోదు, కుప్పలోంచి ముందే పోయిన వాటాను మించేంత మెరుగవ్వాలి.

"సుప్రీంకోర్టే ఇది నైపుణ్యమని చెప్పింది కదా" అనే మాట తరచు వింటాం. చెప్పింది. 1967లో సికింద్రాబాద్ క్లబ్బొకదాని కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యమే అంది. తమిళనాడు 1974లో గుర్రప్పందేలను రద్దు చేస్తూ చట్టం చేసింది. ఆ వ్యవహారం సాగి సాగి 1996 జనవరి 12న లక్ష్మణన్ కేసు తీర్పుతో ముగిసింది. గుర్రప్పందెంలో గెలుపు ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడుతుందని ముగ్గురు న్యాయమూర్తులు తేల్చారు. మన 1974 గేమింగ్ చట్టం కూడా రేసు రోజున, లైసెన్సున్న ఆవరణలో, లైసెన్సున్నవాడితో కాసిన పందేన్ని జూదం నిర్వచనం నుంచి మినహాయించింది. అయితే కోర్టు తేల్చింది ఆ ఆట నేరమా కాదా అన్న సంగతి. మీకు డబ్బు మిగులుతుందా లేదా అన్నది కోర్టు ముందు పెట్టిన ప్రశ్నే కాదు. నైపుణ్యం ఉన్న పదిమంది ఒకే కుప్పలో డబ్బు పోస్తే, వాటా తీశాక పదిమందీ కలిసి నష్టపోవడం ఖాయం. తీర్పును తెచ్చి జేబుకు హామీగా చూపేవాళ్లు తీర్పును తప్పుగా చదువుతున్నారు.

ఎంత కాయాలన్న ప్రశ్నకు మొదటి మంచి జవాబు 1738లో డేనియల్ బెర్నౌలీ ఇచ్చాడు. వంద రూపాయల విలువ అందరికీ ఒకటి కాదనీ, అది చేతిలో ఉన్న మొత్తాన్ని బట్టి మారుతుందనీ అతని వాదన. దాన్ని పనికొచ్చే సూత్రంగా మార్చినవాడు బెల్ లేబొరేటరీస్‌లోని జాన్ కెల్లీ. 1956 నాటి అతని వ్యాసంలో ఉదాహరణ పందెగాడిదే: ఫలితం గురించిన కబురు ముందుగా అందుతోంది, అయితే ఆ తీగలో తప్పులూ దొర్లుతున్నాయి. అలాంటివాడు తన మొత్తంలో ఎంత భాగం కాయాలి? కెల్లీ జవాబు చేతి లెక్కకు అందేదే. గెలిస్తే పందేనికి ఎన్ని రెట్ల లాభం వస్తుందో ఆ అంకెను గెలిచే అవకాశంతో గుణించి, అందులోంచి ఓడే అవకాశం తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ ఆ రెట్ల అంకెతో భాగించాలి.

మీ దగ్గర రేసుల కోసమే తీసిపెట్టిన పదివేలున్నాయి. గుర్రం ధర మూడుకొకటి. అది గెలిచే అవకాశం నూటికి ముప్పై అని మీ అంచనా, అంచనా నిజం కూడా. మూడును 0.30తో గుణిస్తే 0.90, అందులోంచి 0.70 పోతే 0.20, దాన్ని మూడుతో భాగిస్తే దాదాపు 0.067. అంటే 667 రూపాయలు. పదివేలున్న మనిషి, నిజంగానే మేలైన పందెం దొరికినప్పుడు, కాయాల్సింది ఏడు వందల లోపు! చాలామంది రెండు మూడు వేలు పెడతారు. కెల్లీ చెప్పినదానికి రెట్టింపు దాటి కాస్తూపోతే, అంచనాలు సరైనవే అయినా మూలధనం కాలక్రమాన కరిగిపోతుంది. గుర్రాన్ని సరిగ్గా ఎంచుకుని కూడా దివాలా తీసేది ఇలాగే. పూర్తి కెల్లీ సైతం కఠినమైన దారి: ఎప్పుడో ఒకప్పుడు మొత్తం సగానికి పడిపోయే అవకాశం దాదాపు సగానికి సగం. అనుభవమున్నవాళ్లు అందుకే అందులో సగమే కాస్తారు. తమ అంచనా తప్పయ్యే వీలుందని వాళ్లకు తెలుసు.

ఇప్పుడు అదే లెక్కలో పన్ను పెట్టి చూద్దాం. 2023 అక్టోబరు 1 నుంచి పందెం పూర్తి ముఖవిలువ మీద 28 శాతం జీఎస్టీ వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతమైంది. పన్ను పందెగాడి జేబు నుంచే వెళ్తుందనుకుంటే, వంద రూపాయల పందేనికి నూట నలభై కట్టాలి. మూడుకొకటి ధరకు గెలిస్తే నాలుగు వందలు చేతికొస్తాయి. పన్ను లేనప్పుడు నూటికి ఇరవై ఐదు సార్లు గెలిస్తే సరిపోయే పందేనికి ఇప్పుడు ముప్పై ఐదు సార్లు గెలవాలి. ముప్పై అన్న మీ మేలైన అంచనా, ఇందాక 667 రూపాయలు కాయమన్న అదే అంచనా, ఇప్పుడు ఒక్క రూపాయి కూడా కాయొద్దంటుంది. కట్టిన ప్రతి నూట నలభైకి సగటున వెనక్కొచ్చేది నూట ఇరవై.

ఆదాయపు పన్ను దీని తర్వాతి దెబ్బ. గెలుపు మీద 30 శాతం, ఓటములను అందులోంచి తీసేసుకునే వీలు లేదు. ఒకరోజు యాభై వేలు గెలిచి ఇంకోరోజు యాభై వేలు పోగొట్టుకున్నవాడి చేతిలో మిగిలింది సున్నా, కట్టాల్సిన పన్ను పదిహేను వేలు. గుర్రాలను పెంచే యజమానికి తన నష్టాన్ని నాలుగేళ్లు ముందుకు తీసుకెళ్లే సౌకర్యం చట్టంలో ఉంది. పందెగాడికి అదీ లేదు. చట్టబద్ధమైన పందెం ఖరీదు పెరిగితే జనం దొంగ బుకీల దగ్గరికి పోతారని రేసు క్లబ్బులు వాదిస్తాయి. వాదనలో నిజముంది. దానివల్ల పందెగాడి లెక్క మాత్రం మారదు.

లెక్క ఎదురున్నప్పుడు మనిషి పట్టుకునేది 'సిస్టమ్'. అన్నిటికంటే పాతది, ప్రమాదకరమైనది, ఓడినప్పుడల్లా రెట్టింపు కాయడం. వందతో మొదలుపెట్టి వరసగా పదిసార్లు ఓడితే పోయేది 1,02,300 రూపాయలు, పదకొండో పందెం 1,02,400. అదంతా ఎందుకంటే, మొదటి వంద గెలవడానికి. నాలుగింట ఒకసారి గెలిచే గుర్రాల మీద ఆడేవాడికి ఏ పది పందేలు తీసుకున్నా అన్నీ ఓడే అవకాశం నూటికి ఐదు పైనే. ఒక సీజనంతా ఆడేవాడికి అది దాదాపు తప్పనిసరి అనుభవం. ఫేవరెట్లు మాత్రమే కాస్తాననేవాడూ నిశ్చింతగా ఉండలేడు, ఫేవరెట్లు గెలిచేది సుమారుగా మూడింట ఒకటే. వరస ఓటమి దురదృష్టం కాదు, ఆటలోని మామూలు వాతావరణం. దాన్ని తట్టుకునేలా చిన్న మొత్తాలు కాసినవాడే మర్నాడు అక్కడ ఉంటాడు.

ఆ వాతావరణంలో మనసు ఏం చేస్తుందో రేసుకోర్సుల్లోనే పరిశోధించారు. 1949లో గ్రిఫిత్ అమెరికా ఫలితాలు తిరగేసి, దూరపు గుర్రాల మీద, అంటే గెలిచే అవకాశం బాగా తక్కువున్న వాటి మీద, జనం వాటి విలువకు మించి కాస్తారనీ ఫేవరెట్ల మీద తక్కువ కాస్తారనీ చూపాడు. ఇది ప్రతిచోటా ఒకేలా లేదు, 1988లో బుషే, హాల్ అనేవాళ్లు హాంకాంగ్‌లో ఆ మొగ్గు కనబడలేదన్నారు. రోజు గడిచేకొద్దీ దూరపు గుర్రాల మీద మోజు పెరగడాన్ని 1956లో మెక్‌గ్లాత్లిన్ గమనించాడు. కానెమన్, ట్వెర్‌స్కీ 1979 నాటి ప్రసిద్ధ వ్యాసంలో దానికి కారణం చెప్పారు: పోయినదాన్ని పోయిందని ఒప్పుకోలేని మనిషి, మామూలుగా అయితే ముట్టుకోని పందేన్ని ముట్టుకుంటాడు. ఆఖరి రేసు దగ్గర, ఇంటికి ఖాళీ చేతులతో పోలేక, పదిహేనుకొకటి గుర్రం మీద మిగిలిందంతా పెట్టే మనిషిని చూసినవాళ్లకు ఈ వాక్యం వివరించనక్కర్లేదు.

ఇంకో రెండు పరిశోధనలు నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తాయి. 1968లో నాక్స్, ఇంక్‌స్టర్ వాంకూవర్‌లో పందెం కాయబోతున్నవాళ్లనూ, అప్పుడే కాసి వచ్చినవాళ్లనూ అడిగారు: మీ గుర్రం గెలుస్తుందన్న నమ్మకం ఎంత? కాసి వచ్చినవాళ్ల నమ్మకమే ఎక్కువ. గుర్రం మారలేదు, కొత్త కబురు రాలేదు, డబ్బు కిటికీ దాటింది, అంతే. 1973లో పాల్ స్లోవిక్ ఎనిమిది మంది అనుభవజ్ఞులకు ఒక్కో రేసు గురించి మొదట ఐదు వివరాలిచ్చి, తర్వాత పది, ఇరవై, నలభై దాకా పెంచాడు. వివరాలు పెరిగినకొద్దీ వాళ్ల ధీమా పెరిగింది, అంచనాల నిజం పెరగలేదు. టిప్పుల కోసం ఫోన్లు చేసేవాళ్లు, ట్రైనర్ బంధువు చెప్పాడనే మాటకు రెట్టింపు కాసేవాళ్లు చేస్తున్నది ఇదే. టిప్పు వాళ్ల అంచనాను కాదు, వాళ్ల పందెం సైజును పెంచుతోంది.

"మరి గెలిచినవాళ్లు లేరా?" ఉన్నారు. బిల్ బెంటర్, అలన్ వుడ్స్ 1980లలో హాంకాంగ్ చేరి కంప్యూటర్ నమూనాలతో పందేలు కాశారు. మొదట్లో నష్టపోయారు, తర్వాత ఊహకందనంత సంపాదించారు. బెంటర్ 1994లో తన పద్ధతిని రాసి ప్రచురించాడు. అందులో నన్ను ఆపింది లెక్కల చాతుర్యం కాదు. తన నమూనా చెప్పిన అంకెను అతను ఒంటరిగా నమ్మలేదు, బోర్డు మీద జనం పెట్టిన ధరను కూడా అందులో కలిపాడు. అంటే జనానికి తనకు తెలియనిదేదో తెలిసే ఉంటుందని లెక్కలోనే ఒప్పుకున్నాడు. అతనికి పెద్ద కుప్పలు, ఏళ్ల తరబడి పోగేసిన రికార్డులు, పనిచేసే బృందం ఉన్నాయి. 40 శాతం పన్ను లేదు. ఆదివారం మలక్‌పేటకు వెళ్లే మనిషి అతన్ని ఉదాహరణగా చూపడం కుదరదు.

ఈ తీరంలో గుర్రప్పందెం కంటే ఎక్కువ కొంపలు ముంచింది క్రికెట్ బెట్టింగు. 2017లో నెల్లూరు పోలీసులు బెట్టింగ్ ముఠాల మీద పడ్డప్పుడు రాష్ట్రమంతా మాట్లాడుకుంది. రెంటికీ ఉన్న పెద్ద తేడా ఆటలో లేదు, అప్పులో ఉంది. టోట్ కిటికీ నగదు అడుగుతుంది, జేబు ఖాళీ అయితే ఆట ఆగుతుంది. దొంగ బుకీ ఖాతా రాసుకుంటాడు. ఈ మ్యాచ్ పోతే వచ్చే మ్యాచ్, ఈ వారం పోతే వచ్చే వారం. పందేనికి పైకప్పు పోయింది. ఆ తర్వాత వసూలుకు వచ్చేది లెక్కల పుస్తకం కాదు, మనుషులు. పొలం కాగితాలు, ఇంట్లో బంగారం ఈ దారినే పోయాయి. డబ్బాటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్‌లో కట్టడి చేశాయి. 2025 ఆగస్టులో కేంద్రం నైపుణ్యమా అదృష్టమా అన్న భేదం లేకుండా ఆన్‌లైన్ డబ్బాటలను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ఫోన్లో అప్పు, ఫోన్లో పందెం కలిసిన చోట క్రమశిక్షణ గురించి మాట్లాడటం వృథా కాబట్టి, ఈ నిషేధాన్ని నేను సమర్థిస్తాను.

అయినా రేసులకు వెళ్తాననేవాళ్లకు చెప్పదగ్గది కొంచెమే. ఆ రోజు పోగొట్టుకోగల నగదు మాత్రం తీసుకెళ్లి, కార్డు ఇంట్లో వదిలేయండి. ఒక్కో పందెం అందులో ఇరవయ్యో వంతు దాటనివ్వకండి. కాసేముందు గెలిచే అవకాశం నూటికి ఎంతో చిన్న పుస్తకంలో రాయండి, రేసయ్యాక ఫలితం పక్కన వేయండి. ముప్పై అని రాసిన గుర్రాలు నిజంగా నూటికి ముప్పై గెలుస్తున్నాయో లేదో ఒక సీజన్‌లో తెలిసిపోతుంది. ఈ పుస్తకం రాసినవాళ్లలో చాలామంది పందెం తగ్గిస్తారని నా నమ్మకం. పోయినదాన్ని రాబట్టాలన్న తపనతో నిద్ర పట్టనివాళ్లకు పుస్తకం పనిచేయదు. వాళ్లు 14416కి, టెలిమానస్‌కు ఫోన్ చేయాలి. అది ఉచితం.

ఇంత చదివాక క్రమశిక్షణ పనికిరాని విద్య అనిపించవచ్చు. మైపాడు, ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు వెళ్లి రొయ్యల గుంటల గట్ల మీద నిలబడితే అలా అనిపించదు. ఈ తీరపు అసలు పందెం అక్కడుంది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య డబ్బు కురిపించింది. చూసినవాళ్లంతా ఉన్నదంతా పెట్టి, అప్పు తెచ్చి గుంటలు తవ్వారు. 1994, 95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి ఒక్కో గుంట రోజుల్లో ఖాళీ అయింది. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2009 తర్వాత వనామి రొయ్య వచ్చి సాగును మళ్లీ లేపింది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం యాభై శాతానికి చేరగానే ధరలు మళ్లీ వణికాయి.

చీకటితోనే చెక్‌ట్రే పైకి లాగి మేత ఎంత మిగిలిందో, రొయ్య పేగు నిండుగా ఉందో లేదో చూసే రైతు ప్యాడక్ దగ్గరి మనిషి చేసేదే చేస్తున్నాడు. అతనికది బాగా వచ్చు. రానిది రెండో విద్య. నాలుగు గుంటలున్నవాడు నాలుగింటా ఒకే వారం, ఒకే హేచరీ సీడు వేస్తాడు. మేత డీలరు ఖాతాలో ఇస్తాడు కాబట్టి ఎకరానికి పిల్ల ఎక్కువ వేస్తాడు. పోయిన పంట నష్టం ఈ పంటలో రాబట్టాలని లీజుకు ఇంకో రెండు గుంటలు పడతాడు. ఓడినకొద్దీ పందెం పెంచడమే ఇది. తేడా ఏమిటంటే, రొయ్యల సాగులో కుప్పలోంచి నలభై శాతం ముందే ఎవరూ తీసుకోరు, పంట సజావుగా వస్తే మిగులు నిజంగా ఉంటుంది. కెల్లీ లెక్క పనిచేసేది ఇలాంటి చోటే. ఒక గుంట ఖాళీగా ఆరబెట్టడం, పిల్లను విడతలుగా వేయడం, సైజు రాగానే కొంత పట్టుబడి చేసి డబ్బు చేతికి తెచ్చుకోవడం, రెండు పంటలు వరసగా పోయినా మూడో పంట వేయగలిగినంత అప్పులేని డబ్బు పక్కన ఉంచుకోవడం, ఇవన్నీ పందెం సైజు తగ్గించడమే.

ఇంకొకటి మిగిలింది, బీమా. కేంద్రం 2024 ఫిబ్రవరిలో ఆమోదించిన ప్రధానమంత్రి మత్స్య కిసాన్ సమృద్ధి సహ యోజనలో, నాలుగు హెక్టార్ల లోపు గుంటలున్న రైతుకు పంట బీమా ప్రీమియంలో కొంత భాగం ప్రోత్సాహకంగా ఇచ్చే ఏర్పాటుంది. వచ్చే పంటకు సీడు బుక్ చేసేముందే మీ మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లి, ఆ బీమా మీ గుంటకు వర్తిస్తుందో లేదో అడగండి.